తాత తెచ్చిన లేడిపిల్ల

మా ఇంట్లో పెళ్ళికో, పెద్దల తిథికో పదిమంది చేరితే చాలు, భోజనాలయ్యాక ఎవరో ఒకరు ఆ కథ ఎత్తుతారు. మా తాత చేలో దిక్కులేని లేడిపిల్లను చూసి, తుండుగుడ్డలో చుట్టి ఇంటికి తెచ్చి, పాలు పోసి సాకిన కథ. చిన్నప్పటి నుంచి వింటున్నాం. పెద్దత్త చెబితే ఒక రకం, చిన్నాయన చెబితే ఇంకో రకం. కానీ అందరి కథా ఒకే చోట ఆగుతుంది: "మా నాయన అంత మెత్తని మనిషి" అనే మాట దగ్గర. ఆ పిల్ల తర్వాత ఏమైందో ఎవరూ చెప్పరు. మేమూ చాలా ఏళ్ళు అడగలేదు.

ఇది రాస్తున్నది బెంగుళూరులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసే చెయ్యి. బడి చదువంతా కన్నడ మీడియంలో. తెలుగు అక్షరాలు అవ్వ దగ్గర, పాత క్యాలెండర్ల మీద వేలు పెట్టి నేర్చుకున్నవి. తప్పులుంటే సర్దుకోండి. మాట మాత్రం ఒకరిది కాదు, అన్నదమ్ములం, అక్కచెల్లెళ్ళం కూర్చొని పోగేసుకున్నది. అందుకే 'మేము' అంటున్నాం. టెస్టింగ్ ఉద్యోగంలో ఒక అలవాటు పడిపోతుంది. అంతా సరిగ్గానే ఉంది అని ఎవరైనా గట్టిగా చెబితే, అక్కడే ఇంకోసారి చూడాలనిపిస్తుంది. ఈసారి ఆ చూపు మా ఇంటి కథ మీద పడింది.

మా వైపు జింకలు

మాది తుమకూరు జిల్లా, మధుగిరి తాలూకా. హిందూపురం మాకు దగ్గర. సంతకు పోయినా, సంబంధం చూసినా అటే. బడిలో, ఆఫీసుల్లో కన్నడం, ఇంట్లో తెలుగు, చేలో రెండూ. ఒకప్పుడు మా ఊరు మైసూరు సంస్థానం కింద, హిందూపురం మద్రాసు ప్రెసిడెన్సీ కింద ఉండేవి. ఆ తర్వాత 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో భాషను బట్టి రాష్ట్రాలు. గీత పేరు మారుతూ వచ్చిందే గాని గీత మాత్రం ఎప్పుడూ ఉంది. అయినా పిల్లనిచ్చి పుచ్చుకోవడం, ఎద్దుల బేరం ఆ గీతను లెక్కపెట్టలేదు.

మా జయమంగలి ఏరూ లెక్కపెట్టదు. దేవరాయనదుర్గం కొండల్లో పుట్టి, కన్నడ ఊళ్ళు దాటి, హిందూపురం వైపు పోయి పెన్నలో కలుస్తుంది. పెన్న అంటే మాకు ఉత్తర పినాకిని. మా ఏట్లో నీళ్ళు పారిన ఏడు అవి నెల్లూరు దాకా పోతాయని తాత గొప్పగా చెప్పేవాడు.

ఆ ఏటి పేరు మీదే ఇప్పుడు జయమంగలి కృష్ణజింకల రక్షిత ప్రాంతం ఉంది. మధుగిరి తాలూకా మైదనహళ్ళి దగ్గర, 798 ఎకరాలు. 2007లో దానికి ఆ హోదా వచ్చింది. హావేరి జిల్లా రాణిబెన్నూరును పక్కన పెడితే, కర్ణాటకలో ఇన్ని కృష్ణజింకలు ఒకేచోట కనబడేది ఇక్కడే. బెంగుళూరు నుంచి మొదటిసారి వచ్చిన స్నేహితులు "అడవి ఏది?" అని అడుగుతారు. అడవి ఉండదు. అంతా గడ్డి, అక్కడక్కడా తుమ్మచెట్టు, చుట్టూ రాగి, చెనిక్కాయ, ఉలవ చేలు. కృష్ణజింకకు కావలసింది అదే. దానికి దూరం నుంచే శత్రువు కనబడాలి, పరుగెత్తడానికి ఎదురు లేని నేల ఉండాలి. దట్టంగా చెట్లుంటే దాని కాళ్ళకు పని లేదు.

ఈ సంగతి సర్కారు వారికి తట్టడానికి చాలా కాలం పట్టింది. గడ్డి నేల అంటే కాగితాల్లో బంజరు. బంజరు అంటే చెట్లు నాటాల్సిన చోటు. 1974లో రాణిబెన్నూరును కృష్ణజింకల అభయారణ్యం చేశారు, కానీ ఆ నేలలో చాలా భాగం నీలగిరి తోపులతో నిండింది. గడ్డి మీద బతికే జంతువుకు పచ్చని తోపు కూడా ఎడారి లాంటిదే.

ఇర్రి, లేడి, చిగరి

మా అవ్వ అన్ని జింకలనూ జింక అనేది కాదు. మెలితిరిగిన కొమ్ములతో, నల్లని వీపుతో, తెల్లని పొట్టతో ఉండే పోతు 'ఇర్రి'. కొమ్ముల్లేని, గోధుమ రంగు ఆడది 'లేడి'. మేము చదువుకున్న కన్నడ పుస్తకాల్లో ఇది కృష్ణమృగ. ధార్వాడ వైపు స్నేహితులు చిగరి అంటారు. పాత కన్నడంలో ఎరళె అనే మాట ఉంది, తమిళంలో ఇరలై. మన ఇర్రిని వాటి పక్కన పెట్టి పలికి చూడండి, అక్కచెల్లెళ్ళలా వినబడతాయి. ఇర్రి, జింకా అనేవి ఇంటిపేర్లుగా ఈరోజుకీ మనవాళ్ళకు ఉన్నాయి.

నెల్లూరులో కొంతకాలం డాక్టరుగా పనిచేసిన జెర్డన్ అనే ఇంగ్లీషాయన 1867లో మన దేశపు పాలిచ్చే జంతువుల మీద పెద్ద పుస్తకం వేశాడు. అందులో కృష్ణజింకకు తెలుగు పేర్లు జింక, ఇర్రి, లేడి అని, కన్నడ పేరు చిగరి అని రాసుకున్నాడు. అవ్వ నోట విన్న మాటలు నూట యాభై ఏళ్ళ కిందటి పుస్తకంలో ఉన్నాయని తెలిసినప్పుడు మాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. అవ్వకు చదవడం వచ్చింది క్యాలెండర్ మటుకే.

ఇంకో సంగతి. అడవిలో ఉండే చుక్కల జింక వేరు, ఇది వేరు. చుక్కల జింక కొమ్ములు రాలి మళ్ళీ మొలుస్తాయి. ఇర్రి కొమ్ములు పుట్టాక పోవు, మేకపోతు కొమ్ముల్లాగే జీవితాంతం ఉంటాయి. తెలంగాణ రాష్ట్ర జంతువు చుక్కల జింక, ఆంధ్రప్రదేశ్‌ది కృష్ణజింక. రెండింటినీ మనం జింక అనే పిలుస్తాం కాబట్టి పిల్లల పుస్తకాల్లో బొమ్మలు తారుమారు అవుతుంటాయి.

కృష్ణజింక తిరిగే నేల యజ్ఞానికి తగిన నేల అని మనుస్మృతిలో ఉంది. ఒడుగులో వటువుకు కృష్ణాజినం ముక్క కట్టడం అందరికీ తెలిసిందే. ఇది చదివినప్పుడు మాకు మా గీత గుర్తొచ్చింది. ఫలానా భాష వరకు, ఫలానా రాజు వరకు అని కాకుండా, ఒక జంతువు ఎంత దూరం తిరిగితే అంత దూరం ఒక దేశం అనుకున్న కాలం కూడా ఉందన్నమాట. ఆ లెక్కన మధుగిరి, మడకశిర, హిందూపురం అంతా ఒకే దేశం.

ఇంటికి తెచ్చుకున్న జింకలు

జింకపిల్లను ఇంటికి తెచ్చుకోవడం మా తాతతో మొదలైంది కాదు. దానికి ముందు పెద్ద చరిత్ర ఉంది, అందులో మెత్తదనం తక్కువ.

తెలుగులో దీమం అని ఒక పాత మాట. వేటగాడు మచ్చిక చేసి, అడవి జింకలను మోసపుచ్చడానికి వదిలే పెంపుడు జింక. పాత కావ్యాల్లో వేట వర్ణనలు చదివిన వాళ్ళకు ఈ మాట తెలుసు. పెంపుడు పోతు కొమ్ములకు ఉచ్చు కట్టి వదిలితే, తన తావులోకి వచ్చిందని అడవి పోతు కొమ్ములు దించి మీదికొస్తుంది, ఉచ్చులో చిక్కుకుంటుంది. అక్బరు కాలంలో అబుల్ ఫజల్ రాసిన ఐనె అక్బరీలో కూడా ఈ పద్ధతి ఉంది. అంటే మన ఇళ్ళలో పెరిగిన జింక చాలాసార్లు తన జాతికే ఎర.

ఇంకో పద్ధతి చీతాలతో వేట. మొగలులు, దక్కను నవాబులు, మరాఠా సంస్థానాల రాజులు చీతాకు కళ్ళగంతలు కట్టి బండి మీద తీసుకుపోయి, కృష్ణజింకల మంద దగ్గర గంతలు విప్పి వదిలేవాళ్ళు. టిప్పు సుల్తాను దగ్గరా వేట చీతాలుండేవి. 1799లో శ్రీరంగపట్నం పడిపోయాక అవి కంపెనీ చేతికి పోయాయి. హంపిలో మహానవమి దిబ్బ చుట్టూ చెక్కిన రాతిబొమ్మల్లోనూ జింకల వేట ఉంది. మా తరం స్కూలు టూర్‌లో ఆ రాళ్ళ ముందు ఫోటోలు దిగినవాళ్ళమే, కానీ ఆ జింకలు మా చేలో తిరిగేవే అని అప్పుడు ఎవరూ చెప్పలేదు.

చీతా మన దేశంలో అంతరించిపోయిందని 1952లో ప్రకటించారు. చీతా పోయినా జింకకు సుఖం రాలేదు. తుపాకి, జీపు, రాత్రిపూట కళ్ళు చెదిరే వెలుతురు వచ్చాయి. చివరికి 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. కృష్ణజింక అందులో మొదటి షెడ్యూల్‌లో ఉంది. ఈ చట్టంలో వేట అంటే చంపడం మాత్రమే కాదు, పట్టుకోవడం కూడా వేటే. దానికి 3 నుంచి 7 ఏళ్ళ జైలు. ప్రేమతో పట్టుకున్నా, పగతో పట్టుకున్నా చట్టానికి తేడా లేదు.

మా తాత పిల్లను తెచ్చింది ఆ చట్టానికి కొన్నేళ్ళ ముందు. దీమానికీ కాదు, కూరకూ కాదు. ఉత్త జాలితో తెచ్చాడు. అందుకే ఆ కథ మా ఇంటికి అంత గర్వం.

అవ్వ చెప్పిన రెండో సగం

అవ్వ పోయే ముందు ఏడాది, ఒక ఎండాకాలం సెలవుల్లో మేము నలుగురం ఆమె చుట్టూ కూర్చొని పాత సంగతులు ఫోన్‌లో రికార్డ్ చేసుకున్నాం. పెళ్ళినాటి నగలు, కరువు ఏడు, బావి తవ్వడం, అన్నీ అయ్యాక లేడిపిల్ల సంగతి అడిగాం. అడిగింది కథ కోసం కాదు, ఏడాది కోసం. ఆమె ఏడాది చెప్పలేదు. కాసేపు ఊరకుండి ఇలా అంది:

"మీ తాత మంచోడే నాయనా. కానీ దానికి తల్లి లేదని ఆయనకు చెప్పిందెవురు?"

తర్వాత మెల్లగా మిగతాది చెప్పింది. ఉలవ చేను పీకుతున్న రోజులు. పొద్దున్నే తాత చేతికి ఎండుటాకు రంగులో ఏదో తగిలిందట. చూస్తే లేడిపిల్ల. ముడుచుకొని, మెడ నేలకు ఆనించి, కదలకుండా. చుట్టూ చూస్తే తల్లి లేదు. కాసేపు చూశాడు, రాలేదు. ఊరి కుక్కలు ఆ పక్కనే తిరుగుతున్నాయి. తుండుగుడ్డలో చుట్టి తెచ్చేశాడు.

"నేను చెప్పినా, మళ్ళా ఆ తావులోనే పెట్టి రాపో అని. కుక్కలు తింటాయి అన్నాడు. ఆయన భయమూ నిజమే. ఆవుపాలు నీళ్ళు కలిపి దూది వత్తితో పట్టినాం. రెండు దినాలు తాగింది. మూడో దినం నుంచి పారుకునింది. తొమ్మిదో దినం తెల్లారేసరికి లేదు. కానుగ చెట్టు కింద పూడ్చినాడు. ఆ పొద్దు అన్నం తినలే."

"తల్లి?" అని అడిగాం.

"మూన్నాళ్ళు పొద్దు గూకే యాళకు ఒక లేడి వచ్చి ఆ గట్టు కాడ నిలబడేది. మెడెత్తి చూసేది. మేం కదిల్తే పోయేది, మళ్ళా వచ్చేది. నాలుగో దినం రాలే."

రికార్డింగ్‌లో ఆ తర్వాత చాలాసేపు మాటలు లేవు. ఫ్యాన్ చప్పుడు మాత్రమే ఉంది.

పిల్ల ఎందుకు కదలదు

మన తెలుగులో సామెత ఉంది కదా, లేడికి లేచిందే ప్రయాణం అని. పెద్ద లేడి విషయంలో అది నూటికి నూరు పాళ్ళు నిజం. గంటకు 80 కిలోమీటర్ల వేగం అందుకోగల జంతువు అది. కానీ పిల్లకు ఈ సామెత వర్తించదు. దాని ప్రాణం నిలిచేది లేవకపోవడంలో.

కృష్ణజింక కడుపుతో ఉండేది సుమారు ఆరు నెలలు. సాధారణంగా ఈనేది ఒకే పిల్లను. ఈనిన తర్వాత పిల్లను శుభ్రంగా నాకి, గడ్డిలోనో పైరులోనో పడుకోబెట్టి, తల్లి దూరంగా వెళ్ళి మేస్తుంది. పక్కనే నిలబడితే నక్కకో, తోడేలుకో, కుక్కకో పిల్ల ఎక్కడుందో తానే చూపించినట్లవుతుంది. అందుకని దూరం నుంచే కాపలా. రోజులో కొన్నిసార్లు వచ్చి, పాలిచ్చి మళ్ళీ పోతుంది. పిల్ల రంగు ఎండుగడ్డి రంగు. కాళ్ళు బలపడి మందతో పరుగెత్తగలిగే దాకా, మొదటి రెండు మూడు వారాలు దానికి తెలిసిన విద్య ఒక్కటే: ముడుచుకొని, మెడ దించి, రాయిలా ఉండిపోవడం. మనిషి చెయ్యి మీద పడినా కదలదు. మనమేమో దాన్ని చూసి, పాపం లేవలేకపోతోంది, నీరసంగా ఉంది అనుకుంటాం.

కాబట్టి చేలో ఒంటరిగా పడుకున్న పిల్ల అంటే తల్లి లేని పిల్ల కాదు. నూటికి చాలా పాళ్ళు, తల్లి మనల్ని చూస్తూనే ఉంటుంది. మనం ఎంతసేపు జాలిగా అక్కడ నిలబడితే అంతసేపు అది రాదు. తాత "కాసేపు చూశాడు, రాలేదు". రాకపోవడానికి కారణం తాతే.

మనిషి ముట్టుకుంటే వాసనకు తల్లి ఇక దగ్గరికి రానివ్వదు అనే మాట మా వైపు చాలామంది చెబుతారు. అది అంత నిజం కాదు. అవ్వ చూసిన లేడి మూడు సాయంత్రాలు వచ్చింది కదా. అవ్వ చెప్పినట్లు అదే తావులో పెట్టి దూరంగా పోయి ఉంటే తల్లి తీసుకునేదేమో. ఇక పాల సంగతి. జింక పాలు ఆవుపాల కన్నా చాలా చిక్కన. మనం నీళ్ళు కలిపి ఇంకా పలచన చేస్తాం, పిల్ల కడుపుకు అది సరిపడదు, పారుకుంటుంది. దానికి తోడు భయం. పట్టుకున్నప్పుడు కలిగే బెదురుకే జింకలు చచ్చిపోవడం అటవీశాఖ వాళ్ళకు తెలిసిన విషయమే.

ఇవన్నీ తాతకు తెలియవు. తెలుసుకునే దారీ లేదు. అవ్వకు మాత్రం ఎలా తెలుసు అని మాలో మాకు చర్చ జరిగింది. ఆమె మేకలు మేపిన ఇంటి నుంచి వచ్చింది, బహుశా అందుకేనేమో అని మా అక్క అంది. మాకు మాత్రం ఇంకోటి అనిపించింది. తాత పిల్లను చూశాడు. అవ్వ గట్టు వైపు చూసింది.

భరతుడి దగ్గర ఉన్న సాక్ష్యం

మా చిన్నాయన ఈ సంగతులు విని కొంచెం నొచ్చుకున్నాడు. "భాగవతంలో భరతుడూ తెచ్చాడు కదరా, అదీ తప్పేనా?" అన్నాడు. మంచి ప్రశ్న. మేము వెళ్ళి కథ మళ్ళీ చూసుకున్నాం.

అందరం పోతన భాగవతం అంటాం గాని, ఈ కథ వచ్చే ఐదో స్కంధాన్ని తెలుగు చేసింది గంగన. రాజ్యం వదిలి గండకీ నది ఒడ్డున తపస్సు చేసుకుంటున్నాడు భరతుడు. నీళ్ళు తాగడానికి ఒక నిండు చూలాలు లేడి వచ్చింది. సింహం గర్జన విని బెదిరి ఏటికి అడ్డంగా దూకింది. ఆ దూకులో కడుపులో పిల్ల జారి నీళ్ళలో పడింది. తల్లి అక్కడే ప్రాణం విడిచింది. భరతుడు ప్రవాహంలో పోతున్న పిల్లను ఎత్తుకొచ్చి సాకాడు. దాని మీద మమకారం పెరిగి, తపస్సు పోయి, చనిపోయేటప్పుడూ దాన్నే తలచుకొని, మరుజన్మలో జింకయ్యాడు.

ఈ కథను మనం ఎప్పుడూ మమకారం వద్దు అనే నీతికే వాడుకుంటాం. ఈసారి మాకు కనబడింది వేరు. భరతుడు పిల్లను తీసుకునేటప్పుడు తల్లి చావు కళ్ళారా చూశాడు. ఆయన దగ్గర సాక్ష్యం ఉంది. ఎత్తుకోకపోతే ఆ పిల్ల ఏట్లో పోయేది. మా తాత దగ్గర ఉన్నది సాక్ష్యం కాదు, అనుమానం. మా ఉద్యోగ భాషలో చెప్పాలంటే, ఒకసారి చూసి కనబడలేదు కాబట్టి లేదు అని రిపోర్ట్ రాసేశాడు. మేమూ అలాంటి రిపోర్టులు రాసి చీవాట్లు తిన్నవాళ్ళమే కాబట్టి తాత మీద మాకు కోపం రాలేదు.

చిన్నాయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "నాయనకు తెలిసుంటే పెట్టి వచ్చేవాడే" అన్నాడు. మాకూ అందులో సందేహం లేదు.

చేను మనది, మేత దానిది

ఇంత చెప్పాక ఒక నిజం దాచకూడదు. మా వైపు రైతుకు జింక అంటే ముద్దు ఒక్కటే కాదు. చెనిక్కాయ మొలక రెండాకులు వేసేసరికి మంద దిగితే, తెల్లారేసరికి చాలు ఖాళీ. చిన్నాయన రాత్రంతా డబ్బా వాయిస్తూ కూర్చున్న ఏళ్ళు ఉన్నాయి. కర్నూలు వైపు రోళ్ళపాడులో 1988లో బట్టమేక పిట్ట కోసం అభయారణ్యం పెడితే, ఆ రక్షణలో కృష్ణజింకలు పెరిగాయి, పక్క చేలు పాడయ్యాయి, రైతుల కోపం ఆ పిట్ట మీదికి కూడా మళ్ళింది. పంట పోయినవాడికి పరిహారం సరిగ్గా, టైముకు అందకపోతే, జింకపిల్ల మీద జాలి చూపించమని అతనికి చెప్పే హక్కు మాకు లేదు.

అయినా కలిసి బతికిన చోట్లూ ఉన్నాయి. ఒడిశా గంజాం జిల్లాలో, బరంపురం వైపు మనవాళ్ళకు తెలిసే ఉంటుంది, బాలిపదర్, భేట్నయి ఊళ్ళలో కృష్ణజింకలు చేలల్లోనే తిరుగుతాయి. అవి ఉంటే వానలు పడతాయని, ఊరికి మంచిదని అక్కడివాళ్ళ నమ్మకం. తరాలుగా వాటిని ముట్టరు. సోలాపూర్‌లో స్థిరపడిన మనవాళ్ళకు నన్నజ్ గడ్డి నేలలు దగ్గరే. చెన్నైలో ఉన్నవాళ్ళకైతే నగరం మధ్యలో గిండి పార్కు ఉంది. మనం ఎక్కడెక్కడికి వలస పోయామో, చాలా చోట్ల ఈ జంతువు మనకన్నా ముందే ఉంది.

పోయిన ఏడు, అదే చేను

పోయిన సంక్రాంతికి ముందు వారం మేము ఊళ్ళో ఉన్నాం. మళ్ళీ ఉలవ చేనే, మళ్ళీ పీకే రోజులే. కూలికి వచ్చిన ఒకామె "ఇదేందో చూడండప్పా" అని కేక వేసింది. ఎండుటాకుల మధ్య ఎండుటాకు రంగు. చెవులు వెనక్కి అతుక్కొని, కళ్ళు తెరిచి, కదలకుండా.

మా అన్న కూతురు ఆరో తరగతి. పరుగెత్తుకొచ్చి చూసింది. ఎత్తుకుంటానని చేతులు చాపింది. ఆపాం. అప్పుడు అది అడిగింది: "దీని అమ్మేది?"

మేము ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. యాభై ఏళ్ళ కిందట అవ్వ అడిగిన మాట అదే.

ఆ పూట చేసింది పెద్ద పనేం కాదు. ఫోటోలు వద్దన్నాం. పిల్ల చుట్టూ పది అడుగుల మేర ఉలవ పీకకుండా వదిలేసి, కూలివాళ్ళను చేనికి ఆ చివర పనికి పంపాం. ఇంటి కుక్కను కట్టేశాం, పక్క చేని వాళ్ళకూ చెప్పి వాళ్ళ కుక్కలనూ కట్టేయించాం. చిన్నాయన కర్ర పట్టుకొని దూరంగా దారి మీద కూర్చున్నాడు, ఊరి కుక్కలు ఇటు రాకుండా. మిగతావాళ్ళం చాలా దూరంలో, చింతచెట్టు కింద. మధ్యాహ్నమంతా ఏమీ జరగలేదు. పాపకు విసుగొచ్చి నిద్రపోయింది.

పొద్దు వాలాక గట్టు మీద లేడి కనబడింది. మెడెత్తి చూసింది. మేము ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. చాలాసేపు అలాగే నిలబడి, నాలుగడుగులు వేసి, ఆగి, మళ్ళీ వేసి, చేలోకి దిగింది. ఎక్కడి నుంచి వచ్చిందో తెలియనట్లు పిల్ల లేచి నిలబడింది. కాళ్ళు వణుకుతున్నాయి. తల్లి పొదుగును తలతో కుమ్ముతూ పాలు తాగింది. తర్వాత రెండూ గట్టు దాటి గడ్డిలోకి పోయాయి.

చిన్నాయన కర్ర కింద పెట్టి ఇంటి వైపు నడిచాడు. కానుగ చెట్టు దగ్గర ఒక నిమిషం ఆగాడు. ఏమీ అనలేదు, మేమూ అడగలేదు.

మీ చేలోనో, ఊరి బయటో ఇలాంటి పిల్ల కనబడితే మేము చెప్పేది ఇంతే. ముట్టకండి. దూరం జరగండి, అదీ చాలా దూరం. కుక్కలను కట్టేయండి. బావిలో పడినా, గాయమై నెత్తురు కనబడినా, పక్కనే తల్లి చచ్చిపడి ఉన్నా మటుకు అటవీశాఖకు ఫోన్ చేయండి. ఇంటికి తెచ్చుకోవద్దు.

మొన్న తాత తిథికి పెద్దత్త మళ్ళీ కథ ఎత్తింది. ఎప్పటిలాగే "మా నాయన అంత మెత్తని మనిషి" దగ్గర ఆగింది. అప్పుడు మా అన్న కూతురు "ఇంకా ఉంది" అంది. పెద్దత్త కాసేపు దాని వైపు చూసి, "సరే, నువ్వే చెప్పు" అంది. అది మొదలుపెట్టింది. కానుగ చెట్టుతో సహా, గట్టు మీద లేడితో సహా, మొత్తం చెప్పింది. పెద్దత్త కొంగుతో కళ్ళు తుడుచుకుంది గాని మధ్యలో ఆపలేదు.

మీ ఇళ్ళలోనూ ఇలాంటి సగం కథలు ఉండే ఉంటాయి. మిగతా సగం తెలిసినవాళ్ళు ఇంకా ఉండగానే ఒకసారి అడిగి చూడండి. జింకపిల్లను మీ వైపు ఏమంటారో కూడా అడగండి. మాకు ఇంట్లో లేడిపిల్ల, బడిలో జింకెమరి.